గుడ్డ కప్పిన పొయ్యి

కంపాలా,
20 ఆగస్టు 2018

పెర్పెటువా సెంగా గారికి,

మీ ముందు మోకాళ్లూని పలకరిస్తున్నట్టే అనుకోండి. కాఫీ కోతలకి మెచ్చుకోలు, అరటితోటకి మెచ్చుకోలు, ఆ దగ్గుతోనే ఇంత పనీ నెట్టుకొస్తున్నందుకు ఇంకో మెచ్చుకోలు. మీ తమ్ముడు, అదే మా నాన్న, బాగానే ఉన్నాడు. టీలో పంచదార తగ్గించానని నా మీద అలిగాడు, అంతే.

ఫోన్ ఉండగా ఈ రాతలేమిటని విసుక్కోకండి. ఫోన్‌లో మీరు "అంతా బాగుంది తల్లీ" అని పెట్టేస్తారు. కాగితం మీదైతే కోళ్ల సంగతి దగ్గర్నుంచి ఫాదర్ గారి ప్రసంగం దాకా రాస్తారు. మసాకా టాక్సీ నడిపే సలొంగో ఎలాగూ మీ గుమ్మం ముందు నుంచే పోతాడు. ఉత్తరాలు మోయడానికి ఒప్పుకున్నాడు.

యూనివర్సిటీలో నా కొత్త క్లాసు గురించి నాన్న చెప్పే ఉంటాడు, తప్పుగానే చెప్పి ఉంటాడు. నేను పొయ్యిలు అమ్మడం లేదు. ఇంజనీరింగు పిల్లలకి పాఠం చెబుతున్నాను. కట్టెలూ బొగ్గూ కాల్చకుండా పని జరిగే వస్తువు ఏదైనా వాళ్లే తయారు చేయాలి, దాని మీద ఒక చిన్న వ్యాపారం నిలబెట్టాలి. పరీక్ష లేదు. జనం కొనుక్కుని రోజూ వాడితే పాసు. స్టాఫ్ రూములో పెద్దలు నన్ను చూసి "ఏమమ్మా, ఇవాళ సంత ఎక్కడ?" అని నవ్వుతున్నారు. డీన్ గారు నవ్వలేదు కానీ షరతు పెట్టారు. ఈ ఏడాది నా విద్యార్థులది ఒక్క వస్తువైనా ముప్పై ఇళ్లలో నిత్యం వాడకంలో ఉండాలి. లేకపోతే క్లాసు మూసేస్తారు, నేను పాత లెక్కల పాఠానికి పోవాలి.

అందుకే మీ కాళ్లు పట్టుకుంటున్నాను. నా విద్యార్థిని టియోపిస్టా, పొగ రాని పొయ్యి చేసింది. కాఫీ పొట్టు గుళికలతో మండుతుంది, లోపల చిన్న ఫ్యాను, దానికి సౌరపలక. ముందు ఊరికే వాడి చూడమని మీ వాడలో పన్నెండు ఇళ్లకి ఇస్తుంది. ఆ పిల్లని నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి.

పద్నాలుగేళ్లప్పుడు నన్ను మీ దగ్గరికి పంపారు కదా, ఆడపిల్ల తన మేనత్త దగ్గర, సెంగా దగ్గర, నేర్చుకోవాల్సినవి నేర్చుకోమని. మీరు వంటింట్లోంచి ఎప్పుడూ కళ్లు తుడుచుకుంటూ వచ్చేవారు. ఎవరో మిమ్మల్ని ఏడిపిస్తున్నారని నేను చాలా రోజులు మామయ్యని అనుమానించాను. అది పొగ అని తెలిశాకే ఈ చదువుకొచ్చాను.

మరియమ్మ పండుగకి ఏటా పంపే చెప్పులు ఈసారి వారం ఆలస్యమయ్యాయి. సలొంగో చేతికిచ్చాను.

మీ స్కొలాస్టికా

*

కలుంగు,
2 సెప్టెంబరు

స్కొలా తల్లీ,

నీ చదువుకి మెచ్చుకోలు, నీ పాఠాలకి మెచ్చుకోలు, పంచదార తగ్గించి మా తమ్ముడి నోటికి తాళం వేసినందుకు మరీ పెద్ద మెచ్చుకోలు.

చెప్పులు ఎంత బాగున్నాయో! ఎర్రగా, మెత్తగా, తొడుక్కోవడానికే మనసు రావడం లేదు. బీరువాలో మిగతా జతల పక్కన పెట్టాను.

నీ పిల్ల వచ్చింది. ప్యాంటు వేసుకుని టాక్సీ దిగింది. నేనేమీ అనలేదు. కొలెటా మాత్రం గబగబా ఇంట్లోకి పోయి ఒక గుడ్డ తెచ్చి నడుముకి చుట్టింది. కొలెటా తెలుసుగా, మా పక్కింటిది, దాని నోటికి కోళ్లు కూడా గుడ్లు పెట్టడం ఆపేస్తాయి. అలాంటి కొలెటా కూడా పొయ్యి చూసి "ఎంత ముద్దుగా ఉంది" అంది. పన్నెండు మందిమీ చేతులు చరిచి పాట పాడాం. నీ పిల్ల కాగితాలు తీసి ఒక్కొక్కరినీ అడిగింది. ఎలా ఉంది? చాలా బాగుంది. వాడతారా? ఎందుకు వాడం! పక్కింటివాళ్లకి చెబుతారా? పక్కింటావిడకీ ఇచ్చావు కదమ్మా!

పిల్లకి తెలివుంది, గర్వం లేదు. అరటికాయ వలవడం మాత్రం రాదు. హాస్టల్లో పెరిగిందట. కత్తి పట్టుకుంటే నాకే భయమేసింది, తీసేసుకున్నాను. ఆ సౌరపలక మీద నా ఫోను చార్జి అవుతోంది. ఇది మాత్రం నిజంగా గొప్ప సంగతి.

ఒక్క ముక్క అడుగుతాను. ఈ పొయ్యి బాగుందని మేమంటేనే ఆ పిల్ల గట్టెక్కుతుందా? సూటిగా చెప్పు.

నీ సెంగా,
పెర్పెటువా

*

కంపాలా,
23 సెప్టెంబరు

సెంగా గారికి,

మీ ఉత్తరం చూసి ఎగిరి గంతేశాను. ముప్పై ఎనిమిదేళ్లదాన్ని, కింద గదిలోవాళ్లు ఏమైందోనని పైకొచ్చి చూశారు. మీ పనికి మెచ్చుకోలు, కొలెటా నోటికి కూడా మెచ్చుకోలు.

మీరడిగినదానికి జవాబు: అలాంటిదే అనుకోండి. ఆ పిల్ల గట్టెక్కడమూ, నేను గట్టెక్కడమూ మీ పన్నెండు మంది నోట్లోనే ఉంది.

టియో సంగతి మీకు కొంచెం చెప్పాలి. తల్లి నకసెరో మార్కెట్లో టమాటాలు అమ్ముతుంది. పిల్ల పొద్దున్నే అమ్మకి బుట్టలు దింపి క్లాసుకి వస్తుంది. మిగతా జట్లు రంగురంగుల బొమ్మలు గీసి గోడకి అతికిస్తే, ఇది పాత సైకిలు రేకులు కోసి మొదటి పొయ్యి చేసింది. అది అంటుకుని బల్ల కాలిపోయింది. మర్నాడు రెండోది తెచ్చింది. దీన్ని చూస్తే నాకే నేర్చుకోవాలనిపిస్తుంది.

రోజూ దేని మీద వండుతున్నారో, మిగతావాళ్లు ఎలా వాడుతున్నారో రెండు ముక్కలు రాయండి. డీన్ గారికి చూపిస్తాను.

మీ స్కొలాస్టికా

*

కలుంగు,
7 అక్టోబరు

స్కొలా తల్లీ,

పని మెచ్చుకోలు. వానలు పట్టుకున్నాయి. కాఫీ ఆరబెట్టినదంతా మూడుసార్లు లోపలికి మోశాం. కట్టెలు తడిసి వంటిల్లంతా పొగ, నా దగ్గు మళ్లీ మొదలైంది. ఫాదర్ గారు ప్రసంగంలో నా దగ్గు ఆగేదాకా రెండుసార్లు ఆగారు. మూడోసారి ఆగలేదు.

పొయ్యి గురించి అడిగావు. ఏం చెప్పమంటావు, వాడంతా దాని మాటే. కొలెటా తన పొయ్యిని హాల్లో, పెళ్లి ఫోటో కింద పెట్టుకుంది. నేను నాదానికి తెల్లదారంతో గుడ్డ అల్లాను, అంచుకి పసుపు పువ్వులు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూస్తారు. ఇన్ని రోజులైనా తెచ్చిన నాడు ఎలా మెరిసిందో ఇవాళా అలాగే ఉంది, ఒక్క నల్లమచ్చ లేదు. పన్నెండు ఇళ్లలోనూ అంతే. పై వాడవాళ్లు మాకెందుకు ఇవ్వలేదని అడుగుతున్నారు కూడా.

డీన్ గారికి నా పేరున కూడా రాయి, నీ పిల్ల బంగారమని.

నీ సెంగా

*

కంపాలా,
28 అక్టోబరు

సెంగా గారికి,

మీ ఉత్తరం క్లాసులో చదివాను. తప్పైతే క్షమించండి, నాకు ఆగలేదు. నలభై మంది పిల్లలు బల్లలు చరిచారు. "పెళ్లి ఫోటో కింద" అన్నచోట ఒకడు ఈల కూడా వేశాడు. ఒక వస్తువుని హాల్లో పెట్టుకుని దానికి గుడ్డ అల్లారంటే అది ఎంత నచ్చిందో ఆలోచించండర్రా అని అరగంట పాఠం చెప్పాను.

టియో ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. క్లాసయ్యాక వచ్చి, "మేడం, రెండు నెలలు వండితే నల్లమచ్చ లేకపోవడమేంటి?" అంది. "నీ పొయ్యి అంత శుభ్రంగా మండుతోంది పిచ్చిదానా" అన్నాను. తలూపి వెళ్లిపోయింది కానీ మొహం వెలగలేదు. దానికి తన పని మీద తనకే నమ్మకం చాలదు.

డీన్ గారు ఉత్తరం రెండుసార్లు చదివి, "నేనే వచ్చి భోంచేస్తాను" అన్నారు. నవంబరు పదిహేను, గురువారం. ఆయనా నేనూ టియో వస్తాం. పెద్ద హడావుడి వద్దు, రోజూ వండేదే వండండి.

మీ స్కొలాస్టికా

*

కలుంగు,
18 నవంబరు

స్కొలాస్టికాకి,

ఈసారి మెచ్చుకోలు లేదు. మిడతలు మాత్రం పంపుతున్నాను, నవంబరు మిడతలు పంపకపోతే మా తమ్ముడు నాకు తమ్ముడే కాదంటాడు. ఉల్లిపాయ వేసి వేయించాను. వాడికే పెట్టు, నువ్వు తినకు.

నువ్వూ వచ్చిన రోజు సంగతే మళ్లీ ఎందుకు రాస్తున్నావంటావేమో. నువ్వు ఆ గంటంతా పై వాడలో ఫాదర్ గారి దగ్గర కూర్చున్నావు. ఇక్కడ నా ఇంట్లో ఏం జరిగిందో నా నోటి నుంచి విను.

మీ డీన్ గారిని నా కుర్చీలో కూర్చోబెట్టాను. పొయ్యి గుడ్డ తీసి ఆయన ముందే వెలిగించి టీ కాచాను. భగ్గున మండింది, ఆయన సంతోషించాడు. తరవాత భోజనం పెట్టాను. ఆకుల్లో చుట్టి ఆవిరి మీద మగ్గబెట్టిన అరటికాయ మటోకే, వేరుశనగ కూర, పొగబెట్టిన చేప, గుమ్మడి ఆకు. ఆయన తింటూ, "ఇదంతా ఈ పొయ్యి మీదే వండారా అమ్మా?" అన్నాడు. "అవునయ్యా, ఈ పిల్ల చల్లగా ఉండాలి, ఇక కట్టెల మొహం చూడటం లేదు" అన్నాను. ఇంటికొచ్చిన పెద్దమనిషితో ఇంకేమంటారు?

అప్పటికే నీ పిల్ల గిన్నెలు మోస్తానని వెనక వంటింట్లోకి పోయింది. తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా, చేతులకి మసి. మోకాళ్ల మీద కూలబడి ఆయనతో, "సార్, ఈ భోజనం వెనక మూడురాళ్ల మీద వండారు. మా పొయ్యి మీద మీ టీ తప్ప ఇంతవరకూ ఏదీ ఉడకలేదు" అంది.

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. నా ఇంట్లో, నా అతిథి ముందు, నా అన్నం తిన్న పిల్ల నన్ను అబద్ధాలకోరుని చేసింది! ఆయనేమో ఇంకొంచెం చేప అడిగి తిన్నాడు.

నేనెందుకు అలా చెప్పానో తెలుసా? నువ్వే రాశావు, ఆ పిల్ల గట్టెక్కడం మా నోట్లోనే ఉందని. పన్నెండు ఇళ్లూ తిరిగి ఒక్కొక్కరికీ నేర్పాను, ఎవరూ వంక పెట్టకండి, పిల్ల ఫెయిలవుతుందని. కొలెటా నోరు మూయించడానికి నాకు ఒక పుంజు ఖర్చయింది. ఇంత చేస్తే మీ ఇద్దరూ కలిసి నా పరువు తీశారు. పైగా నా ఉత్తరం నలభై మంది ముందు చదివావు.

పెర్పెటువా

*

కంపాలా,
25 నవంబరు

సెంగా,

మోకాళ్ల మీదే ఉన్నాను, లేవమనేదాకా లేవను. మిడతలు నాన్న ఒక్కడే తిన్నాడు. డబ్బా అడుగున మిగిలిన రెండు కాళ్లు నాకిచ్చాడు.

తప్పు టియోది కాదు, మీది అసలే కాదు. నాది. పద్నాలుగేళ్ల పిల్లగా నేను మీ ఇంట్లో నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటి? అతిథి తెచ్చినదానికి వంక పెట్టకూడదు, పుల్లగా ఉన్నా తియ్యగా ఉందనాలి. ఎవరు ఏ పనిలో కనిపించినా ముందు మెచ్చుకోవాలి, తరవాతే మాట. మన పలకరింపే మెచ్చుకోలు. అలాంటి చోట పుట్టిపెరిగి, ఎక్కడో రాసిన ప్రశ్నల కాగితం మీ చేతిలో పెట్టి "ఎలా ఉంది?" అని అడిగించాను. బాగుందన్నారు. నమ్మాను. మీరు పొగ అని రాశారు, దగ్గు అని రాశారు, తడిసిన కట్టెలని రాశారు. అన్నీ చదివాను, పువ్వుల గుడ్డ ఒక్కటే చూశాను.

డీన్ గారి సంగతి చెప్పాలి. తిరుగుదారిలో టియో వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. లుకాయాలో డీన్ గారు కారాపి ముగ్గురికీ కాల్చిన అరటిపళ్లు కొన్నారు. అప్పుడు టియోతో, "నేను చాలా ఏళ్లుగా విద్యార్థుల రిపోర్టులు చదువుతున్నానమ్మా. మాది పనిచేయలేదు అని ఒక్కరూ రాయలేదు. ఈస్టరు దాకా టైమిస్తున్నాను. ఎందుకు పనిచేయలేదో కనుక్కో" అన్నారు. నాతో ఏమన్నారో అడగకండి. ఆ అరటిపండు అలాగే ఇంటికి తెచ్చి నాన్నకిచ్చాను.

ఆ పిల్ల గురించి ఒక్కమాట. తన ఏడాది శ్రమ పోతుందని తెలిసే ఆ మాట చెప్పింది. నేనైతే నోరు కుట్టేసుకునేదాన్ని. అంత ధైర్యం నేను నేర్పింది కాదు సెంగా.

సెలవుల్లో మళ్లీ మీ దగ్గరికి వస్తానంటోంది, క్షమాపణ చెప్పుకోవడానికీ, మీరు వండుతుంటే పక్కన కూర్చోవడానికీ. పొయ్యి ఎలా ఉందని అడగదు, ఒట్టు. రానిస్తారా?

మీ స్కొలాస్టికా

*

కలుంగు,
20 జనవరి 2019

స్కొలా,

కొత్త ఏడాదిలోకి దాటి వచ్చినందుకు మెచ్చుకోలు.

నీ పిల్ల డిసెంబరులో వచ్చింది, పంచదార, సబ్బు, రొట్టె పట్టుకుని. ఈసారి గుడ్డ తనే కట్టుకుంది. మూడు రోజులు నేను దానితో మాట్లాడలేదు. అది కూడా మాట్లాడకుండా వాకిలి ఊడ్చింది, నీళ్లు మోసింది. నాలుగో రోజు నాకే విసుగొచ్చి, "ఊరికే నిలబడతావేం, కాయలు వలువు" అన్నాను. వేలు కోసుకుంది. జిగురంటి చేతులు నల్లబడ్డాయి. అయిదో రోజు వేలు కోసుకోలేదు.

తరవాత రోజూ అడిగింది, పొయ్యి గురించి కాదు, నా గురించి. "ఇప్పుడు ఎక్కడికి పోతున్నారు?" "తోటకి, కలుపు తీయాలి." "మరి మటోకే?" "అది నిప్పుల మీద దాని పని అది చేసుకుంటుంది, నేను నా పని చేసుకుంటాను, మధ్యాహ్నానికి ఇద్దరం కలుస్తాం." పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. దాని పొయ్యి ముప్పావుగంట భగ్గున మండి ఆరిపోతుంది. మళ్లీ మండాలంటే గుళికలు పోయాలి, పక్కనే కాపలా కూర్చోవాలి. మటోకేకి మూడు గంటలు కావాలి. నేను పొయ్యికి కాపలా కూర్చుంటే తోటలో కలుపు ఎవరు తీస్తారు, మీ డీన్ గారా? ఇంత చిన్న సంగతి మీ చదువులో లేదా అని అడిగాను. లేదంది, పాపం.

సరే, ఓసారి దాని పొయ్యి మీదే వండి చూపిస్తానన్నాను. ఆవిరి బాగా పట్టుకుంది, అంతలో మంట ఆరింది. గుళికలు నిండుకున్నాయి. నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. గుడ్లు పొదిగే కోడి కోసం ఎండు అరటాకులు కుక్కిన బుట్ట అక్కడే ఉంది. కోడిని తోలేసి, గిన్నెను దాంట్లో కూలేసి, పైన రెండు గోతాలు కప్పి, "చల్లారితే నీదే పాపం" అని చెప్పి తోటకి పోయాను. అది నా వెంటే వచ్చింది. వాన మొదలైంది. అరటి చెట్ల కింద ఇరుక్కుపోయాం. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక ఎండు రొట్టే గతి అనుకుంటూ గోతాం తీశాను.

స్కొలా, చెయ్యి కాలింది! మూట విప్పితే మటోకే పసుపుపచ్చగా, వెన్నలా మగ్గి ఉంది. నీ పిల్ల వేడివేడి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక, నడవాలో గంతులేసింది. నేనూ వేశాను. కొలెటా వచ్చి, "ముసల్దానికి దయ్యం పట్టిందా?" అంది.

ఇప్పుడు అది బుట్టలు కొలుస్తోంది, ఎండాకు ఎంత మందం వేస్తే ఎంతసేపు వేడి నిలుస్తుందో నా గోడ మీద బొగ్గుతో రాస్తోంది. దానికి సెంగా బుట్ట అని పేరు పెట్టింది. వద్దన్నాను. వినలేదు. ఆ రోజు నిజం చెప్పినందుకు నేను దాన్ని క్షమించాను అని రాద్దామనుకున్నాను. అది సరైన మాట కాదు. అదే నన్ను క్షమించాలి. ఇలాంటి పిల్లని చేతిలో పెట్టుకుని పాఠం చెబుతున్నావు, నువ్వు అదృష్టవంతురాలివి.

నీ సెంగా

*

కంపాలా,
31 మార్చి

సెంగా గారికి,

కాలిన చేతికి మెచ్చుకోలు, గెంతిన కాళ్లకి రెండు మెచ్చుకోళ్లు. ఇక్కడితో ఈ ఉత్తరంలో మెచ్చుకోళ్లు అయిపోయాయి, ఎందుకో కింద రాస్తాను.

టియో మీరిచ్చిన కత్తితో క్లాసులో అరటికాయ వలిచి చూపించింది. మగపిల్లలు కూడా వలిచారు, ఒకడికి కట్టు కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నా మొదటి పాఠం మారింది. "ఎలా ఉంది?" అని అడగడం నా క్లాసులో నిషేధం. వస్తువు చేసేముందు ప్రతివాడూ ఎవరి వంటింట్లోనైనా, ఎవరి దుకాణంలోనైనా పదిరోజులు కూర్చుని పని నేర్చుకోవాలి. సౌరదీపాల జట్టుని చేపలు అమ్మేవాళ్ల దగ్గరికి పంపాను. కంపు కొడుతూ వస్తున్నారు, కానీ తెలివిగా మాట్లాడుతున్నారు.

మీరు, కొలెటా, ఇంకో నలుగురు కలిసి బుట్టలు అల్లి సంతలో పెడుతున్నారని టియో చెప్పింది. పొయ్యీ బుట్టా జతగా ఈసారి ఎవరికీ ఊరికే ఇవ్వడం లేదని కూడా చెప్పింది. ఎన్ని ఇళ్లలో వాడుతున్నారో మాత్రం చెప్పదు, "సెంగాని అడగండి" అంటుంది. డీన్ గారు ఈస్టరు అయ్యాక నిర్ణయం చెబుతానన్నారు. ఈసారి వస్తారో రారో, ఎప్పుడొస్తారో నాకు తెలియదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

అందుకని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక్క మెచ్చుకోలు కనిపించినా ఉత్తరం సలొంగో చేత తిప్పి పంపిస్తాను.

మీ స్కొలాస్టికా

*

కలుంగు,
5 మే 2019

స్కొలా తల్లీ,

మెచ్చుకోవద్దన్నావు. సరే, కాచుకో.

బుట్ట అడుగు సన్నం, పెద్ద గిన్నె పట్టదు. చెవులు అడ్డదిడ్డంగా పెట్టారు, నెత్తి మీద మోస్తుంటే గుచ్చుకుంటాయి. ఎండాకుల్లో ఎలకలు కాపురం పెడుతున్నాయి. కొలెటా తనది రెండుసార్లు తిరిగి తెచ్చి నా మొహాన కొట్టింది, మూడోసారి వచ్చి తన కూతురికి ఇంకొకటి కావాలంది. సంతలో ఆడవాళ్లు ధర దగ్గర నాతో గొంతు చించుకుని పోట్లాడుతున్నారు. ఆ మొదటి పొయ్యిల్ని ఊరికే ఇచ్చినప్పుడు ఒక్కరూ పోట్లాడలేదు, పాటలు పాడారు. ఇప్పుడు పాటలు లేవు. ముప్పై నాలుగు ఇళ్లలో రోజూ వండుతున్నారు, రోజూ తిడుతున్నారు. పొయ్యిలన్నీ మసిబారి చూడ్డానికే అసహ్యంగా ఉన్నాయి. నా అల్లిక గుడ్డ తీసి బల్లకి వేశాను.

ఇక మీ డీన్ గారు. పోయిన మంగళవారం చెప్పాపెట్టకుండా వచ్చాడు, ఒక్కడే. పొద్దున పదకొండు గంటలు. ఆ వేళప్పుడు వాడలో ఎవరుంటారు? అందరం తోటల్లో ఉన్నాం. ఇంటింటికీ తిరిగాడట. వంటిళ్లు తెరిచే ఉన్నాయి, పొగ లేదు, నిప్పు లేదు, మనిషి లేదు. పలకరించి మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ లేరు, కోళ్లు తప్ప. మూలన బుట్టలు. కొలెటా వంటింట్లో ఆగి, గోతాం తీసి, గిన్నె మూత ఎత్తి చూశాడు. సరిగ్గా అప్పుడే అది గుమ్మంలోకొచ్చింది.

"ఎవడ్రా నువ్వు! నా మూట విప్పావా! ఆవిరంతా పోయింది, ఇప్పుడు నా మొగుడికి పచ్చికాయ పెట్టమంటావా?" అని పార పట్టుకుని మీద పడింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి మీ పెద్దమనిషి గోడకి ఆనుకుని చేతులు జోడించి ఉన్నాడు. కోటు మీద ఎండాకులు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఆయనేమో చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "ఈసారి నాకు అబద్ధం చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరమ్మా" అన్నాడు. తరవాత ఒక బుట్ట బేరమాడాడు. కొలెటా ఒక్క షిల్లింగు తగ్గించలేదు, మూట విప్పినందుకు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, కారెక్కబోతూ నన్నడిగాడు: "ఆగస్టులో ఇంకో ఇద్దరు పిల్లల్ని పంపిస్తాం, చోటుంటుందా?" ఉంటుందన్నాను. అంటే నీ క్లాసు ఉన్నట్టే కదా? ఆయన నీకింకా చెప్పకపోతే నా నోటితో ముందు విన్నావు.

నా దగ్గు పూర్తిగా పోలేదు. వానల్లో ఇప్పటికీ వస్తుంది. కానీ పోయిన ఆదివారం ఫాదర్ గారు ప్రసంగం ఆపకుండా చెప్పారు. కళ్లు తుడుచుకోవడం మర్చిపోయాను తల్లీ. ఇది మెచ్చుకోలు కాదు, జరిగిన సంగతి. ఉత్తరం తిప్పి పంపకు.

నిజం చెప్పడం ఒకసారి మొదలెడితే ఆగడం కష్టంగా ఉంది. అందుకని ఇంకొకటి కూడా చెప్పేస్తున్నాను. నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి పంపిన తొమ్మిది జతల చెప్పుల్లో ఒక్కటీ నా కాలికి పట్టదు. మొదటి జత వేసుకుని చర్చికి పోయి, వట్టికాళ్లతో ఇంటికొచ్చాను. అన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి తుడుస్తాను. ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను, నువ్వు ప్రేమగా పంపావని.

ఈ కాగితం వెనక నా పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయించాను. బొటనవేలు దగ్గర వంకర కొలెటా చేతిది, నాది కాదు. ఆ కొలతకి పంపు. ఎరుపు వద్దు.

నీ సెంగా,
పెర్పెటువా